వెనక్కి తిరిగే దారి ముందు గీసుకోండి: హిమాలయాల్లో ఎత్తైన కనుమలు దాటే ట్రెక్‌కి ఇంటి దగ్గర చేసుకోవాల్సిన ప్లానింగ్

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి హిమాలయాలకి ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక కంపెనీ బ్యాచ్‌లో చేరతారు. మొదటిసారికి అదే మంచిది. ఒకటి రెండు ట్రెక్‌లు అయ్యాక మాత్రం మనసు ఆగదు. ఊళ్లు, రోడ్లు, టీ దుకాణాలు ఏవీ లేని లోయలోకి మన టెంటు మనమే మోసుకుని, ముగ్గురు నలుగురు స్నేహితులతో వెళ్లాలనిపిస్తుంది. ఈ వ్యాసం అలాంటివాళ్ల కోసం.

ఇలాంటి ప్రయాణానికి చాలామంది చేసే ప్లానింగ్ ఒక వీడియో చూడటం, ఎవరో పెట్టిన జీపీఎస్ ట్రాక్ ఫోన్‌లోకి దించుకోవడం. ఆ ట్రాక్ ఎవరో ఒకరు ఏదో ఒక ఏడాది, ఏదో ఒక వారంలో నడిచిన దారి. ఆ వారం గెడ్డలో (కొండవాగులో) నీళ్లెంత ఉన్నాయో, పైన మంచు ఎంత ఉందో అందులో కనిపించదు. అతను మధ్యలో ఆగిపోవాల్సి వస్తే ఎటు వెళ్లేవాడో అసలే కనిపించదు. మంచి ప్లాన్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ట్రెక్‌లో ఏ రోజు, ఏ గంటలో "ఇక ముందుకి వద్దు" అనుకున్నా ఎక్కడికి చేరాలో, ఎంతసేపు పడుతుందో కాగితం మీద ముందే రాసి ఉండాలి.

ఉదాహరణకి హిమాచల్‌ప్రదేశ్‌లోని భాబా పాస్ తీసుకుందాం. కిన్నౌర్ జిల్లాలోని కాఫ్నూ అనే ఊళ్లో మొదలై, సుమారు 4,900 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి, స్పితి వైపు పిన్ లోయలో ముద్ అనే ఊళ్లో దిగే దారి ఇది. ఎక్కేటప్పుడు అడవి, పచ్చిక, గొర్రెల మందలు ఉంటాయి. కనుమ దాటగానే చెట్టు అన్నది కనపడని ఎర్రటి, ఊదారంగు కొండలు. ఈ చివరి ఊరికీ ఆ మొదటి ఊరికీ మధ్య ఏమీ లేదు. అందుకే ఇది మొదటి పాస్‌గా పనికిరాదు. మనాలీ దగ్గర హంప్తా పాస్ (సుమారు 4,270 మీటర్లు) లాంటిది ముందు గైడ్‌తో దాటి, మీ ఒళ్లు ఎత్తుని ఎలా తట్టుకుంటుందో చూసుకుని, ఆ తర్వాతే ఇలాంటివాటి జోలికి వెళ్లాలి.

1. మ్యాపు చదవడం ఇక్కడే నేర్చుకోండి

సర్వే ఆఫ్ ఇండియా వారి ఓపెన్ సిరీస్ మ్యాపులు 1:50,000 స్కేలులో ఉంటాయి. అంటే మ్యాపు మీద సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. వాళ్ల వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని దించుకోవచ్చు. మీకు కావాల్సిన షీటు దొరక్కపోతే ఓస్మ్‌యాండ్ లాంటి యాప్‌లో కాంటూర్ గీతలతో సహా ఆఫ్‌లైన్ మ్యాపు పెట్టుకోండి. ఏదైనా సరే, ఒక కాపీ కాగితం మీద ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. చలికి ఫోన్ బ్యాటరీ ఎప్పుడు పడిపోతుందో చెప్పలేం.

కాంటూర్ గీత అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలిపే గీత. పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా షీటు అడుగున రాసి ఉంటుంది. హిమాలయాల షీట్లలో సాధారణంగా అది 40 మీటర్లు. ఇప్పుడు స్కేలు పెట్టి కొలవండి. సెంటీమీటరు దూరంలో 5 గీతలు దాటాల్సి వస్తే అర కిలోమీటరులో 200 మీటర్లు ఎక్కుతారు. వాలు సుమారు 22 డిగ్రీలు, బరువుతో ఎక్కగలిగేదే. అదే సెంటీమీటరులో 10 గీతలుంటే వాలు దాదాపు 39 డిగ్రీలు. మంచు లేనప్పుడు అక్కడ కాలి కింద రాళ్లు జారతాయి. మంచు ఉన్నప్పుడు అంతకంటే ప్రమాదం, ఎందుకంటే మంచుచరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే. మీ దారిలో 30 డిగ్రీలు దాటే చోట్లన్నీ ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ ఎర్ర ముక్కల పైన ఏముందో కూడా చూడండి. మీరు నడిచేది చదునైన నేలే అయినా, పక్కనున్న ఎత్తైన వాలు నుంచి రాళ్లూ మంచూ దొర్లేది మీ మీదికే.

ఈ చదువుకి హిమాలయాల దాకా పోనక్కర్లేదు. మందస దాటాక ఒడిశా సరిహద్దులో ఉన్న మహేంద్రగిరి 1,501 మీటర్లు. శివరాత్రికి భక్తులు కాలినడకన ఎక్కే కొండ. ఆ షీటు తీసుకుని, ఊరివాళ్లలో ఒకరిని తోడు పెట్టుకుని ఎక్కండి. ప్రతి అరగంటకీ ఆగి "ఇప్పుడు మనం ఏ గీత మీద ఉన్నాం" అని ముందు మ్యాపు చూసి చెప్పాలి, తర్వాతే జీపీఎస్‌తో సరిచూడాలి. నలుగురిలో కనీసం ఇద్దరికి ఇది తడుముకోకుండా వచ్చేదాకా పెద్ద ప్రయాణం పెట్టుకోవద్దు. ఒక్కరికే వస్తే ఆ ఒక్కరికి జబ్బు చేసిన రోజున మిగతా ముగ్గురికీ దారి ఉండదు.

మ్యాపు చెప్పలేని సంగతి మంచు. దానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు చూడాలి. ఇవి ఎవరికైనా ఉచితం, 10 మీటర్ల స్పష్టత ఉంటుంది, దాదాపు 5 రోజులకొకసారి కొత్త చిత్రం వస్తుంది. ఆ చిత్రాలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో మీ కనుమ దగ్గరికి వెళ్లి గత నాలుగైదేళ్లలో జూన్ చివర, జులై మధ్య, సెప్టెంబరు రెండో వారం తీసిన చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఉత్తరం వైపు తిరిగిన వాలు మీద మంచు ఎన్ని వారాలు ఆలస్యంగా కరుగుతుందో కళ్లకి కనిపిస్తుంది. ఒక్క ఏడాది చిత్రం చూసి తేదీ ఖాయం చేయకండి.

2. ఎక్కడ పడుకుంటారో ముందు రాయండి

దారి తర్వాత, ముందు రాత్రుళ్లు. మన సమస్యంతా ఇక్కడే ఉంది. మనం సముద్రమట్టం నుంచి వెళ్తాం. కళింగపట్నంలో సోమవారం ఉన్న మనిషి అదే వారాంతానికి 3,500 మీటర్ల మీద టెంటు వేస్తే ఒళ్లు ఊరుకోదు. వయసు, కండబలం, రోజూ చేసే పరుగు దీని దగ్గర లెక్కకి రావు. ఆటగాళ్లకి తలనొప్పి వచ్చి, పక్కనున్న నెమ్మదైన మనిషి హాయిగా ఉండటం మామూలే. మహేంద్రగిరి ఎన్నిసార్లు ఎక్కినా కాళ్లకి బలం వస్తుంది కానీ ఎత్తుకి అలవాటు రాదు, 1,500 మీటర్లు దానికి చాలవు.

ఎత్తు మీద వచ్చే జబ్బులు చూసే డాక్టర్లు చెప్పే లెక్క ఇది. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకి మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తుకి వెళ్లొచ్చినా పడుకునే చోటే లెక్క.

భాబా దారిలో మకాములు, సుమారు ఎత్తులతో, ఇవి: కాఫ్నూ 2,400, ములింగ్ 3,250, కారా 3,550, ఫుస్తిరంగ్ 4,100. తర్వాత కనుమ, అవతల నాలుగు వేల మీటర్ల చుట్టుపక్కల ఒక మకాం, ఆ తర్వాత ముద్ 3,800. రోజుకొక మకాం చొప్పున నడిస్తే మొదటి రోజే 850 మీటర్లు, మూడో రోజు 550 మీటర్లు పెరుగుతాయి. సముద్రం పక్క నుంచి వచ్చినవాళ్లకి ఇది ఎక్కువ. నేనైతే ట్రెక్‌కి ముందు కిన్నౌర్‌లోనే ఉన్న కల్పాలో (సుమారు 2,960 మీటర్లు) రెండు రాత్రులు ఉండి, తర్వాత కాఫ్నూ దిగి మొదలుపెట్టమంటాను. కారాలో కూడా రెండు రాత్రులు. ఆ మధ్య రోజున బరువు లేకుండా ఫుస్తిరంగ్ వైపు కొంత ఎక్కి, మళ్లీ కారాకే వచ్చి పడుకోవాలి. దీనివల్ల ట్రెక్ మూడు రోజులు పెరుగుతుంది. ఆ మూడు రోజుల సెలవు దొరక్కపోతే వేరే, తక్కువ ఎత్తున్న దారి చూసుకోవడమే న్యాయం.

ఇదే దారిని ముద్ నుంచి కాఫ్నూకి తిరగేసి నడవొచ్చు కదా అంటే, ముద్‌కి జీపులో ఒక్కసారే 3,800 మీటర్లకి చేరిపోతాం. మొదటి రాత్రే ప్రమాదం. ఎటు నుంచి మొదలుపెట్టాలన్నది కూడా ఎత్తే తేల్చాలి.

ప్రతి మకాం పక్కన "ఇక్కడ ఒంట్లో బాగోకపోతే" అని ఒక గడి పెట్టండి. తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, విపరీతమైన నీరసం ఉంటే ఆ రోజు పైకి వెళ్లకూడదు. విశ్రాంతి తీసుకున్నా పెరుగుతుంటే దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఆగకపోతే, మాట తడబడితే, మడమకి వేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయలేకపోతే అర్ధరాత్రి అయినా సరే దింపాలి. తెల్లారేదాకా చూద్దాం అనడమే ప్రాణాల మీదికి తెచ్చేది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసెటజోలమైడ్ మాత్రల గురించి బయల్దేరే ముందే డాక్టరుని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ మాత్ర వేసుకున్నామని ఒక రాత్రి తగ్గించుకోవడం మాత్రం వద్దు.

3. గంటల లెక్క

పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ మంచి మొదలు: 5 కి.మీ.కి గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. ఫుస్తిరంగ్ నుంచి కనుమకి 800 మీటర్లు ఎక్కాలి. దూరం 5 కి.మీ. అనుకుంటే లెక్క ప్రకారం రెండు గంటల ఇరవై నిమిషాలు. కానీ ఆ లెక్క తక్కువ ఎత్తులో, తేలిక బరువుతో నడిచేవాళ్లది. నాలుగు వేల మీటర్ల పైన, వీపున 14, 15 కిలోలతో అయితే దాన్ని రెట్టింపు చేయండి. దాదాపు ఐదు గంటలు. తెల్లవారుజామున 5 గంటలకి బయల్దేరితే 10కి కనుమ మీద ఉండాలి.

ఇప్పుడు తిరుగు గంట రాయండి. నా సలహా 11. పదకొండుకి కనుమ ఎక్కకపోతే, ఇంకో అరగంటలో అందేలా కనిపిస్తున్నా వెనక్కి. కొండల మీద మబ్బు కమ్మేది ఎక్కువగా మధ్యాహ్నమే. అవతలి వైపు రాళ్లు జారే నిట్టనిలువు దిగుడు ఉంది, దాన్ని వెలుతురులో, కాళ్లలో సత్తువ ఉండగానే దిగాలి. ఈ గంట ఇంట్లో కూర్చుని నలుగురూ ఒప్పుకున్నదై ఉండాలి. అక్కడ నిలబడి మాట్లాడుకుంటే ఎప్పుడూ "ఇంకొంచెమే కదరా" అన్నవాడిదే గెలుపు.

4. గెడ్డలు

ప్లాన్‌లో చాలామంది వదిలేసేది, దారిలో అందరినీ ఆపేసేది ఇదే.

మన గెడ్డలు వానకి పొంగుతాయి. పైన కొండల్లో కురిస్తే సువర్ణముఖి, వేగావతి ఒడ్డు ఊళ్లవాళ్లకి నీళ్లు ఎంతసేపట్లో వస్తాయో తెలుసు. హిమాలయాల్లో చుక్క వాన పడకపోయినా, ఆకాశం నీలంగా ఉన్నా గెడ్డ పొంగుతుంది. ఎండకి పైన మంచు కరిగి ఆ నీరంతా మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు కిందికి చేరుతుంది. తెల్లవారి మోకాలి కింద పారిన నీరు సాయంత్రం నాలుగింటికి తొడల దాకా రావచ్చు. తేటగా ఉన్నది బూడిద రంగుకి తిరుగుతుంది. ఒడ్డున నిలబడితే అడుగున బండరాళ్లు దొర్లుతున్న డుబుక్కు డుబుక్కు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే దిగకూడదు.

అందుకని మ్యాపు మీద దారి నీలిగీతని కోసే ప్రతి చోటా గుండ్రం చుట్టండి. దాని పక్కన మీరు అక్కడికి ఏ గంటకి చేరతారో రాయండి. మధ్యాహ్నం రెండు తర్వాత పడే పెద్ద గెడ్డ ఏదైనా ఉంటే మకాం ఇవతలే వేసి, మర్నాడు పొద్దున్నే దాటేలా రోజులు మార్చుకోండి. తర్వాత వెనక్కి వచ్చే లెక్క కూడా వేయండి. ఉదయం ఆరింటికి సులువుగా దాటిన గెడ్డ, కనుమ దగ్గర తిరుగుముఖం పట్టి మూడింటికి వచ్చేసరికి దాటరానిదై ఉండొచ్చు. అంటే ఆ రాత్రి మీ వెనక్కి తిరిగే చోటు పాత మకాం కాదు, గెడ్డకి ఇవతల ఎక్కడో. అక్కడ టెంటు వేసేంత చదును ఉందా? ఈ ప్రశ్న అడిగారంటే మీ ప్లాన్ మంచి ప్లాన్ అవుతున్నట్టే.

దాటేటప్పుడు బూట్లు విప్పకండి, లేదా పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. ఉత్త కాళ్లతో దిగితే చలికి పాదాలు మొద్దుబారి రాయి తగిలినా తెలియదు. గెడ్డ సన్నగా ఉన్న చోటు లోతుగా, జోరుగా ఉంటుంది. పాయలుగా చీలి వెడల్పుగా పారే చోటు వెతకాలి. బ్యాగు నడుం బెల్టు విప్పేయాలి, పడితే బ్యాగు వదిలించుకోగలగాలి. ప్రవాహానికి ఎదురు తిరిగి, కర్ర ఆనించి, ఒక్కో అడుగూ పక్కకి వేయాలి. దారిలో గొర్రెల కాపరులు కనిపిస్తే నమస్తే పెట్టి "భయ్యా, ఆగే నాలే మే పానీ కిత్నా హై?" (ముందున్న గెడ్డలో నీళ్లెంత ఉన్నాయి?) అని అడగండి. నిన్న మందని దాటించినవాళ్ల మాట ఏ యాప్ కంటే గొప్పది.

5. కాలం, వానలు, మంచు తుఫాను

భాబా లాంటి కనుమలకి జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు సీజను. జూన్‌లో మంచు వాలులు ఉంటాయి, మంచు మీద నడక నేర్చినవాళ్లతోనే వెళ్లాలి. జులై, ఆగస్టుల్లో స్పితి వైపు పొడిగా ఉన్నా అక్కడికి చేర్చే కిన్నౌర్ రోడ్డు మీద కొండచరియలు పడతాయి. 2021 ఆగస్టులో నిగుల్సారీ దగ్గర చరియ విరిగి బస్సు మీద పడిన ఘోరం ఆ రోడ్డు మీదే జరిగింది. సొంతంగా వెళ్లే మనవాళ్లకి నేను చెప్పేది సెప్టెంబరు మొదటి మూడు వారాలు. గెడ్డలు తగ్గుతాయి, మంచు తక్కువ, ఆకాశం తేటపడుతుంది. రాత్రుళ్లు మాత్రం నీళ్లు గడ్డకడతాయి.

సీజను మంచిదైనంత మాత్రాన ఆ వారం మంచిదని కాదు. 2023 జులైలో హిమాచల్‌లో కుండపోత వానలు పడినప్పుడు చంద్రతాల్ దగ్గర వందలమంది పర్యాటకులు మంచులో చిక్కుకుని రోజుల తరబడి ఉండిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ ట్రెక్‌లో మంచు తుఫానుకి కర్ణాటక బృందంలో 9 మంది చనిపోయారు. 2018 అక్టోబరులో తితిలీ తుఫాను వచ్చినప్పుడు పలాస, మందస, సోంపేట వైపు ఇళ్లలో వాతావరణశాఖ బులెటిన్ ఎలా గంటగంటకీ చూశామో అలాగే హిమాచల్ బులెటిన్ కాఫ్నూలో ఆఖరి సిగ్నల్ ఉన్నంతవరకు చూడాలి. ఆరెంజ్ హెచ్చరిక ఉంటే ఊళ్లోనే ఆగాలి. పైకి వెళ్లాక మబ్బు దిగితే టెంటు వేసుకుని కూర్చోవాలి. ఆ ఆగే రోజుకి తిండి, ఇంధనం ప్లాన్‌లో ఉండాలి.

6. తిరుగు టికెట్

కొండ మీద తీసుకునే తప్పుడు నిర్ణయాల్లో చాలావాటి వెనక ఒక తిరుగు టికెట్ ఉంటుంది. విజయనగరం నుంచి ఢిల్లీ నిజాముద్దీన్‌కి సమతా ఎక్స్‌ప్రెస్ ఉంది, కానీ రోజూ కాదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, సీటు దొరకడమే గొప్ప. అంత కష్టపడి తీసుకున్న టికెట్ పోతుందన్న టెన్షన్‌తో, ఆగాల్సిన రోజున జనం కనుమ ఎక్కేస్తారు. ట్రెక్‌కి లెక్కేసిన రోజుల మీద కనీసం రెండు ఖాళీ రోజులు, రోడ్డు కోసం ఇంకో రోజు కలిపి ఆ తర్వాత తేదీకే రైలు తీసుకోండి. ఖాళీ రోజులు మిగిలితే షిమ్లాలో తిరగొచ్చు. ఆఫీసులో కూడా "ఈ తేదీ కల్లా రావచ్చు, రాకపోతే కంగారుపడొద్దు" అని ముందే చెప్పి ఉంచండి.

7. తిండి, పొయ్యి

మనిషికి రోజుకి 700, 800 గ్రాముల పొడి సరుకు, పైన రెండు రోజులకి సరిపడా అదనం. నాలుగు వేల మీటర్ల మీద నీళ్లు 87 డిగ్రీల లోపే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు, గ్యాసు అయిపోతుంది. ఇంటి దగ్గరే నెయ్యిలో వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, సేమ్యా, కందిపొడి, పలాస జీడిపప్పు, పల్లీ అచ్చులు మేలు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి నోటికి అలవాటైనదే లోపలికి వెళ్తుంది. చిన్న గ్యాస్ డబ్బాలు రైల్లో గానీ విమానంలో గానీ తీసుకెళ్లకూడదు. షిమ్లాలో లేదా మనాలీలో దొరికే చోటు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఉత్త బ్యూటేన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర మొండికేస్తుంది, ఐసోబ్యూటేన్ కలిసినది అడగండి.

బట్టల గురించి ఒక్క మాట: నూలు బట్ట వద్దు, తడిస్తే ఆరదు. మిగతా సామాను జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటితే మళ్లీ విప్పి సర్దండి. అదే బరువుతో ఇక్కడే మూడు నెలలు నడవాలి. రామతీర్థం మెట్లు, ఎస్.కోట వైపు కొండలు చాలు. ఎక్కడం కంటే దిగడం మీద దృష్టి పెట్టండి, మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే.

8. అనుమతులు, కబురు

భాబా దారి రూపీ-భాబా అభయారణ్యం, పిన్ వ్యాలీ నేషనల్ పార్క్ ప్రాంతాల మీదుగా పోతుంది. ఆ ఏడాది నియమాలు ఏమిటో అటవీశాఖ వాళ్లని అడిగి, పోలీసు స్టేషన్‌లో పేర్లు రాయించి వెళ్లండి. సరిహద్దుకి దగ్గరగా ఉన్న కనుమలకి వేరే అనుమతులు కావాలి. ఉత్తరాఖండ్ పచ్చిక మైదానాల్లో రాత్రి బస మీద 2018లో హైకోర్టు నిషేధం పెట్టింది, అక్కడికి వెళ్లేవాళ్లు మకాములు దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిచ్చే ఉపగ్రహ ఫోన్లు, మెసేజ్ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం, పట్టుబడితే కేసు అవుతుంది. అంటే లోపల ఉన్నన్ని రోజులు కబురు ఉండదని ఒప్పుకునే వెళ్లాలి. ఇలాంటి దారికి స్థానిక గైడ్‌ని ఒకరిని పెట్టుకోమని నేను గట్టిగా చెప్తాను. దారి మీరే గీసుకున్నా సరే, గెడ్డ దగ్గరా కనుమ కిందా అతని మాటకి విలువిచ్చేటట్టయితేనే.

9. ఇంట్లో ఇచ్చే కాగితం

చివరిగా ఒక్క పేజీ రాసి రెండు కాపీలు తీయండి. ఒకటి ఇంట్లో, ఒకటి కాఫ్నూలో మీరు బస చేసిన ఇంట్లో. తేదీ, మకాం, ఎత్తు, దాటే గెడ్డలు, తిరుగు గంట, వెనక్కి వస్తే చేరే చోటు, ఈ ఆరు గడులు చాలు. ఒక వరస ఇలా ఉంటుంది: "5వ రోజు. ఫుస్తిరంగ్, 4,100. పొద్దున్న 5కి బయల్దేరడం. 11కి కనుమ మీద లేకపోతే వెనక్కి. వెనక్కి వస్తే ఫుస్తిరంగ్‌లో రాత్రి, మర్నాడు తెల్లవారి కారా గెడ్డ దాటడం." అందరి పేర్లు, రక్తం గ్రూపులు, టెంటు రంగు, గైడ్ నంబరు కింద రాయండి.

దాని అడుగున రెండు తేదీలు పెద్ద అక్షరాలతో రాయాలి. మొదటిది, అంతా బాగుంటే ఫోన్ చేసే రోజు. రెండోది, ఖాళీ రోజులు కూడా అయిపోయి, ఇక ఇంట్లోవాళ్లు ఆగకుండా ఫోన్ చేయాల్సిన రోజు. మొదటి తేదీ దాటగానే కంగారుపడొద్దని అమ్మానాన్నలకి కూర్చోబెట్టి చెప్పండి. రెండో తేదీ సాయంత్రానికి కబురు రాకపోతే ముందు గైడ్ ఇంటికి, తర్వాత కిన్నౌర్, లాహౌల్-స్పితి జిల్లాల విపత్తు కేంద్రాలకి చేయాలి. 1077 జిల్లా నంబరే అయినా ఇక్కడి నుంచి నొక్కితే మన జిల్లాకే పోతుంది. కాబట్టి ఆ రెండు కేంద్రాల ల్యాండ్‌లైన్ నంబర్లు ఎస్‌టీడీ కోడ్‌తో సహా ముందే వెతికి ఆ కాగితం మీద రాసి పెట్టండి.